కోలారు గనులవారి నిద్ర

తెలుగులో ‘పండుకొంటిని’ అనునప్పుడు కర్త మనము. ‘నిద్ర పట్టినది’ అనునప్పుడు కర్త నిద్ర. మా కోలారు సీమలో ఒకే వీధిలో మూడు భాషలు వినవచ్చును. కన్నడిగుడును నిద్ర వచ్చినదనియే అనును, తమిళుడును నిద్ర వచ్చినదనియే అనును. వచ్చుటయు, పట్టుటయు దాని పని. చాప పరచుకొని కన్నులు మూసికొనుట వరకే మన పని. ‘నిద్రపోయెను’ అను మాట లేదా యని పాఠకులు అడుగవచ్చును. కలదు. కాని అది ప్రక్కనున్నవారు చూచి చెప్పెడి మాట. ‘ఇదిగో, నేను నిద్రపోవుచున్నాను’ అని తనంత తాను చెప్పగలవాడు ఇంకను మేలుకొనియే యున్నాడు.

ఈ చిన్న వ్యాకరణ విషయమును ముందుగా ఎత్తికొనుటకు కారణమున్నది. నూటయిరువది యేండ్లపాటు వేలకొలది మనుష్యులను గడియారము ననుసరించి నిద్రింపుమని శాసించిన ఊరు మాది. గనుల చరిత్ర యనగానే బంగారము ఎన్ని టన్నులు, లోతు ఎన్ని అడుగులు, దొరల బంగళాలు ఎట్టివి అను ముచ్చటలు వచ్చును. అవియు కావలసినవే. సుమారు 800 టన్నుల బంగారము ఈ నేలనుండి వెడలినది. ఐనను, దానిని త్రవ్వినవాడు ఎప్పుడు పండుకొనెను, పండుకొనినప్పుడు వానికి నిద్ర వచ్చెనా యనునది కూడ చరిత్రయే యని నా అభిప్రాయము.

మొదటి సంగతులను క్లుప్తముగా చెప్పెదను. 1802లో లెఫ్టినెంటు జాన్ వారన్ ఈ ప్రాంతమునకు వచ్చి, పల్లెలవారు మట్టి కడిగి బంగారు రజను తీయుటను చూచెను. 1870 దశకములో మైకేల్ ఫిట్జిరాల్డ్ లవెల్ అను ఐర్లండు దేశీయుడు మైసూరు ప్రభుత్వమునొద్ద త్రవ్వుటకు అనుమతి పొందెను. 1880లో జాన్ టేలర్ కంపెనీ వారు ప్రవేశించిన పిమ్మట నిజమైన గనిపని సాగినది. మైసూరు, చాంపియన్ రీఫ్, ఊరుగాం, నందిదుర్గం, బాలాఘాట్ అని గనులు లేచినవి. ఉత్తర ఆర్కాటు, సేలము సీమలనుండి తమిళులును, చిత్తూరు వైపునుండి తెలుగువారును కాలినడకను, పిమ్మట రైలుమీదను వచ్చిరి. 1911లో ప్రత్యేక జిల్లా యగువరకు చిత్తూరు కూడ ఉత్తర ఆర్కాటులోనిదే. కావున పాత పత్రములలో ‘ఆర్కాటువారు’ అని యున్నచో అందరు తమిళులే యనుకొనరాదు.

వచ్చినవారిలో పెక్కుమంది సేద్యగాండ్రు. సేద్యగానికి రాత్రిపని కొత్త కాదు. మడికి నీరు పెట్టుటకు, కళ్ళము కాచుటకు మేల్కొనును. కాని ఆ జాగరణ ఋతువులోని కొన్నాళ్ళు మాత్రమే. పని తీరినవెంటనే పొద్దుగూకినంతనే ముడుచుకొని పండుకొనును. వాని నిద్రకు సూర్యుడే మేస్త్రీ. గనిలో సూర్యుడు లేడు. ఎనిమిది వేల అడుగుల క్రింద పగలు రెండు గంటలైనను, రాత్రి రెండు గంటలైనను ఒకటే చీకటి.

గని యనునది రాత్రి తలుపు వేసి ఉదయము తెరచెడి అంగడి కాదు. ఊరెడి నీటిని తోడుచునే యుండవలెను. లోనికి గాలి పంపుచునే యుండవలెను. పైన మిల్లులో రాతిని దంచెడి ఇనుప రోకళ్ళు ఆగరాదు. అందుచేత దినమును మూడు షిఫ్టులుగా కోసిరి. 1902లో కావేరీనదిపై శివనసముద్రమువద్ద పుట్టించిన విద్యుచ్ఛక్తి 92 మైళ్ళు తంత్రులపై ప్రయాణము చేసి మా గనులకు వచ్చినది. నాటికి లోకములోని మిక్కిలి పొడవైన విద్యుత్ మార్గములలో అది యొకటి. బెంగుళూరు వీధులలో విద్యుద్దీపములు వెలిగినది 1905లో. రాజధానికంటె ముందుగా దీపము వచ్చినదని మావారు నేటికిని గర్వముతో చెప్పుకొందురు. నేనును చెప్పుకొందును. ఐనను రాత్రిని పగటిగా మార్చుటలో మేము దేశమునకు ముందు నడచితిమని దాని అర్థము కూడ కలదు.

షిఫ్టు మారు వేళ గనికూత కూసెడిది. తమిళ సోదరులు దానిని సంగు అందురు. మా తెలుగు ఇండ్లలోను ఆ మాటయే నిలిచినది. సంగు కూత మనుష్యుని లేపగలదు. కాని నిద్రపుచ్చగల సంగును ఏ కంపెనీవారును కనిపెట్టలేదు. 1952 నాటి గనుల చట్టము భూగర్భములోని పనికి దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు అని హద్దు పెట్టినది. అది మేలైన చట్టము. అంతకుముందటి తరమువారు అట్టిదానికై ఎంతయో కొట్లాడిరి. కాని చట్టము పనిగంటలను లెక్కింపగలదు. మిగిలిన గంటలలో వాడు నిద్రించునని అనుకొనుట మాత్రమే చేయగలదు.

నేను గుమాస్తాగా కొంతకాలము హాజరుపట్టీలు వ్రాసినవాడను. రాకపోయినవానికి కారణము వ్రాయుటకు ఒక గడి యుండెడిది. జ్వరము, దెబ్బ, ఊరిలో చావు, పెండ్లి — ఇవన్నియు ఆ గడిలో ఇమిడినవి. ‘నిద్ర లేదు’ అని ఎవడును చెప్పలేదు, నేనును వ్రాయలేదు. షిఫ్టు మారిన మొదటి దినములలో కడుపునొప్పియు, తలనొప్పియు ఎందులకు ఎక్కువగునో ఆలోచించు వయస్సు నాకప్పుడు లేదు.

మా నాయన గనిలోపల పనిచేసినవాడు. లైనుయింటిలో ఒక గది, ముందు చిన్న వసారా. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చి, నీళ్ళు పోసికొని, రాగిసంకటి తిని, తడితువ్వాలు కన్నులపై వేసికొని పండుకొనెడివాడు. అప్పుడే ఊరికి తెల్లవారినది. కొళాయివద్ద బిందెల మోత. కూరలమ్మి కేక. ఎండకాలమున గాలి లేచినచో సైనైడు దిబ్బల తెల్లని దుమ్ము ఇల్లంతయు క్రమ్మెడిది. కిటికీ మూసినయెడల ఉక్క, తెరచినయెడల దుమ్ము. అమ్మ మమ్ము వీధిలోనికి తోలి, గుమ్మమున కూర్చుండి వచ్చినవారికెల్ల పెదవిపై వ్రేలుంచి సైగచేసెడిది. ఇంత చేసినను లోపలినుండి చాప సవరించుకొను చప్పుడు వినవచ్చెడిది. ఒకనాడు ఆయన లేచి కూర్చుండి అమ్మతో, ‘కేజీలో వేల అడుగులు నిమిషాల్లో దిగతా, ఈ చాప మీదనుంచి జానెడు దిగలేకుండా ఉండానే’ అనెను. ఆ మాటలో కోపము తక్కువ, ఆశ్చర్యము ఎక్కువ. కండబలముతో అన్నిటిని లొంగదీసిన మనిషికి, తన దేహములోని యీ చిన్న సంగతి లొంగకుండుట వింతగా తోచినది.

మన పురాణకర్తలు ఈ సంగతిని ఎరుగుదురు. ముచుకుందుడు దేవతల పక్షమున బహుకాలము యుద్ధము చేసి అలసి, వరము కోరుకొమ్మనగా రాజ్యము కోరలేదు, నిద్ర కోరెను. నిద్రాభంగము చేసినవాడు భస్మము కావలెనని కూడ ఏర్పాటు చేసికొని కొండగుహలో పండుకొనెను. లేపిన కాలయవనుడు బూడిద యయ్యెను. నిద్ర వరముగా పొందదగినదే కాని సంపాదింపదగినది కాదని ఆ కథకుని తలంపు కావచ్చును. భారతములో విదురనీతి యున్న భాగమునకు ప్రజాగర పర్వమని పేరు. ధృతరాష్ట్రుడు నిద్రపట్టక విదురుని పిలిపించెను గనుకనే మనకు ఆ నీతి లభించినది. చక్రవర్తి హంసతూలికా తల్పముమీద పొరలుచుండగా, బలవంతునిచే పట్టుబడిన దుర్బలునికి నిద్ర యుండదని విదురుడు మొట్టమొదటనే చెప్పుట గమనింపదగినది.

తెలుగు ఆడువారి పాటలలో ‘ఊర్మిళాదేవి నిద్ర’ ప్రసిద్ధము. లక్ష్మణుడు అడవిలో పదునాలుగేండ్లు మేలుకొనియుండగా ఇంట ఊర్మిళ పదునాలుగేండ్లు నిద్రించినదట. మా లైనులలో ఈ లెక్క తారుమారైనది. ఇంటిలో తండ్రి ఒక షిఫ్టు, కొడుకు ఒక షిఫ్టు, మరిది మరియొక షిఫ్టు అయినచో, మూడు మారులు పొయ్యి వెలిగించి, మూడు మారులు సద్ది కట్టి, మూడు మారులు తలుపు తీయవలసినది ఇల్లాలు. పురుషునికి నిద్ర పట్టలేదని వ్రాయుటకు నావంటివాడొకడైన దొరకినాడు. ఆమె నిద్రకు హాజరుపట్టీ కూడ లేదు.

ఇక రాత్రిపూట ఇంట పండుకొనినవారికైనను నిశ్చింత యున్నదా యనినచో, అదియు లేదు. లోతునకు పోయినకొలది రాతిమీది బరువు పెరిగి, త్రవ్విన చోటి గోడలు ఒక్కసారిగా పగిలి చిమ్ముట ఈ గనుల ప్రత్యేక విపత్తు. మైసూరు భూగర్భశాఖకు చెందిన డబ్ల్యు. ఎఫ్. స్మీత్ 1904లోనే వీనిని గురించి ప్రత్యేకముగా ఒక నివేదిక వెలువరించెను. నాడు ఎయిర్ బ్లాస్టు లనిరి, తరువాత రాక్ బరస్టు లనిరి. పెద్దది సంభవించినప్పుడు పైన ఇండ్లు కదలెడివి, గోడలు బీటలు వారెడివి. రాత్రి మంచము కదలినచో ఇంటిలోనివారు మొదట తలంచునది ఇల్లు కూలునా యని కాదు, ఇప్పుడు లోపల ఎవరి షిఫ్టు అని. మగనిది కానిచో తమ్మునిది, తమ్మునిది కానిచో ప్రక్కయింటివానిది. ఆడువారు కొంగు బిగించుకొని షాఫ్టువద్దకు పరుగెత్తుదురు. కేజీ పైకి వచ్చి ముఖములు కనబడువరకు ఆ వీధికి నిద్ర లేదు. ఏమియు జరుగలేదని తెలిసి తిరిగివచ్చి పండుకొనినను, చెవి నేలకు ఆనియే యుండును.

పగటినిద్ర పట్టనివారిలో కొందరు సారాయి నాశ్రయించిరి. దీనిని గూర్చి మా గనులవారికి చెడ్డపేరు కలదు. ఉపన్యాసములిచ్చిన పెద్దలకును కొదువ లేదు. సారాయిని నేను సమర్థింపను. అది తొలిగంటలో కన్నుమూయించినను, పిమ్మట నిద్రను ముక్కలు చేయునని వైద్యులు చెప్పుచున్నారు. కాని త్రాగినవానిని నిందించిన వారిలో, వాడు సుఖమునకై త్రాగెనా, నిద్రకై త్రాగెనా యని అడిగినవారు ఎందరు?

అమెరికాలో జరిగిన ఒక ప్రయోగము చదివినప్పుడు నాకు మా నాయన చాప జ్ఞప్తికి వచ్చినది. షికాగో విశ్వవిద్యాలయ ఆచార్యుడు నతానియేల్ క్లీట్‌మన్ 1938లో బ్రూస్ రిచర్డ్‌సన్ అను శిష్యునితో కూడ కెంటకీ రాష్ట్రమందలి మామత్ గుహలో ప్రవేశించి 32 దినములు నివసించెను. అచ్చట సూర్యుడు లేడు, చప్పుడు లేదు, వేడి హెచ్చుతగ్గులు లేవు. 24 గంటల దినమునకు బదులు 28 గంటల దినమును కల్పించుకొని, దాని ప్రకారము పండుకొనుటకును లేచుటకును ప్రయత్నించిరి. ఇరువదులలోనున్న శిష్యుడు కొలదినాళ్ళలో అలవాటు పడెను. నలుబది మూడేండ్ల గురువు మాత్రము ఎంత పట్టుదలతో పండుకొనినను పాత 24 గంటల లెక్కనే అనుసరించెను. నిద్రను గూర్చి లోకములో అందరికంటె ఎక్కువ తెలిసినవాడు, నిశ్శబ్దమైన చల్లని గుహలో, వేరు పని లేకుండ పండుకొని, కోరిన వేళకు నిద్రింపలేకపోయెను. చాంపియన్ రీఫ్ అడుగున రాతివేడి 60 డిగ్రీల సెంటిగ్రేడు దాటినది. చల్లనిగాలి యంత్రములతో పంపినగాని మనుష్యుడు నిలువలేని ఆ చోటినుండి వచ్చి, కూరలమ్మి కేకల నడుమ పండుకొనినవానికి నిద్ర రాలేదనిన, అది సోమరితనమా, మనోదౌర్బల్యమా?

దీని కారణములను శాస్త్రజ్ఞులు ఇప్పుడు కొంతవరకు తేల్చిరి. మేలుకొనియున్న కొలది నిద్రావసరము లోపల కూడుచుండును. ఇది యొక శక్తి. దేహములో ఒక గడియారమును కలదు; ఇది రెండవ శక్తి. ఈ గడియారము ప్రకారము దేహపు వేడి వేకువజామున అన్నిటికంటె తగ్గి, తెల్లవారినపిమ్మట పెరుగును. కంటిలో పడెడి సూర్యకాంతి ఆ గడియారమును దినదినము సరిచేయును. రాత్రిపని ముగించినవాడు అలసటచేత నిద్రకు సిద్ధముగా నుండును. కాని ఇంటికి నడచివచ్చు దారిలోనే సూర్యుడు వాని గడియారమునకు ‘లెమ్ము’ అని చెప్పును. ఒకటి పండుకొమ్మనును, ఒకటి లెమ్మనును. ఆ గడియారపు కీలు జీవకణములలో ఎట్లున్నదో తెలిపినందులకు 2017లో హాల్, రాస్‌బాష్, యంగ్ అను మువ్వురికి నోబెల్ బహుమతి లభించినది. గడియారమును రాత్రిపనిచేత చెరచుట మనుష్యులకు బహుశః కాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్యసంస్థ శాఖయైన కాన్సరు పరిశోధన సంఘము 2007లోనే వర్గీకరించినది. ఈ రెండు సంవత్సరములకు ముందే, 2001లో, మా గనులు మూతపడినవి.

మన ఆయుర్వేదమును మరువరాదు. ఆహారము, నిద్ర, బ్రహ్మచర్యము అను మూడింటిని దేహమునకు ఊతకోలలుగా చరకసంహిత చెప్పినది. వేసవిని విడిచి ఇతర ఋతువులలో పగటినిద్ర కూడదని నిషేధించుచునే, బరువులు మోసి, కష్టపడి, దారి నడచి అలసినవారికిని, రాత్రి మేలుకొనినవారికిని మినహాయింపు నిచ్చినది. రాత్రిషిఫ్టు కూలివాని కొరకే ఆ వాక్యము వ్రాసినట్లుండును.

నిద్రపట్టకుండుటలో మరియొక చిక్కు కలదు. పట్టవలెనని ప్రయత్నించినకొలది అది దూరమగును. ఇంకను మూడు గంటలే యున్నవి, ఇంకను రెండు గంటలే యున్నవి అని సంగు వేళను లెక్కించువాడు తన నిద్రను తానే తరుముచున్నాడు. వియన్నా వైద్యుడు విక్టర్ ఫ్రాంకెల్ ఇట్టివారికి, నిద్రకై యత్నింపకుము, మేలుకొనియుండుటకే యత్నింపుము అని తలక్రిందులైన వైద్యము చెప్పెను. మా అవ్వకు ఫ్రాంకెల్ తెలియడు. ‘కన్నులు మూసుకొని ఊరికే ఉండరా, నిద్ర దాని పాటికది వస్తుంది, రాకపోతే పోతుంది’ అనెడిది. పోతుంది అనుట సులువు. షిఫ్టులో కన్ను మూతపడినచో క్రింద లోతు ఎంతయో ఎరిగినవానికి అది సులువు కాదు.

మా జిల్లాలోనే ఈ విషయమున మనుష్యునికంటె అదృష్టవంతమైన ప్రాణి యొకటి కలదు: పట్టుపురుగు. ముళబాగిలు, శ్రీనివాసపురము తాలూకాలలోను, 2007లో చిక్కబళ్ళాపురము జిల్లాలో చేరిన శిడ్లఘట్ట, చింతామణి ప్రాంతములలోను పట్టుపురుగుల పెంపకము ఇంటింటి వృత్తి. ఆ పురుగు తన జీవితములో నాలుగుమారులు మేత మాని, తల పైకెత్తి, ఇంచుమించు ఒక దినమంత కదలకుండ నిలిచి, పాతచర్మము విడిచి లేచును. రైతులు దానిని జ్వరమందురు. వేళ రాగానే తట్టలోని వేల పురుగులు ఒక్క పూటలో నిద్రలో మునుగును. పెంచెడివారు మాత్రము నడిరేయి లేచి మల్బరీ ఆకు వేయవలెను. పురుగు నిద్రించినప్పుడే ఇంటివారికిని నిద్ర.

నిశ్శబ్దమును వెదకుచు మా గనిలోనికి దిగినవారును కలరు. ఆకాశమునుండి ఎడతెగక కురియు కిరణముల అలజడి సోకని చోటు కావలెనని, టాటా పరిశోధనాలయము వారు జపానులోని ఒసాకా, ఇంగ్లండులోని డరహాము విశ్వవిద్యాలయముల శాస్త్రజ్ఞులతో కూడ చాంపియన్ రీఫ్ గనిలో రెండు కిలోమీటర్లకు పైగా లోతున పరికరములు నిలిపి, వాతావరణమున పుట్టిన న్యూట్రినోల జాడను 1965లో కనుగొనిరి. లోకములోని మిక్కిలి ప్రశాంతమైన స్థలములలో ఒకటి మా గని యడుగున నుండెను. దానిపైననే ఆ గనివారు నిద్రకై పొరలుచుండిరి.

1956లో మైసూరు ప్రభుత్వమును, 1962లో కేంద్రప్రభుత్వమును గనులను తీసికొనినవి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ ఏర్పడినది. 2001 ఫిబ్రవరి 28న పని నిలిచిపోయినది. నీరు తోడెడివారు లేక లోపలి దారులు నీట నిండినవి. సంగు మూగవోయినది. రాత్రిషిఫ్టు లేదు గనుక ఇక అందరును హాయిగా నిద్రింతురని బయటివారు అనుకొని యుందురు. ఆ మొదటి మాసములలో మా లైనులలో తిరిగినవారికి తెలియును: అర్ధరాత్రి వేళ వసారాలలో బీడీనిప్పులు వరుసగా వెలుగుచుండెడివి. ముప్పదియేండ్లు పగలు పండుకొనినవారికి రాత్రి నిద్ర రాలేదు. రేపటి బియ్యమెట్లు అను చింతగలవారికి ఎప్పుడును రాలేదు.

వారి బిడ్డలు ఇప్పుడు బెంగుళూరున పనులు చేయుచున్నారు. మారికుప్పము నుండి బంగారుపేటకు 1894లో వేసిన రైలుమార్గము గనులకొరకు పుట్టినది. నేడు అదియే ఈ ఊరిని పోషించుచున్నది. దూరము సుమారు నూరు కిలోమీటర్లు. తెల్లవారకమునుపు బండి యెక్కవలెను. ఇల్లు చేరునప్పటికి రాత్రి యగును. బండి తప్పునేమో యని మూడు గంటలకే మెలకువ వచ్చునని, ఆ తరువాత కన్ను మూతపడదని నాతో చెప్పినవారు పలువురు. నిలయమునకు వచ్చునప్పుడు వారి కన్నులు ఎఱ్ఱగా నుండును. బండి కదలి మాలూరు దాటకమునుపే, కూర్చుండినవాడు కూర్చుండినట్లే, కడ్డీ పట్టుకొని నిలిచినవాడు నిలిచినట్లే, తల వాలిపోవును. ఎవరును కోరలేదు, పిలువలేదు. వైటుఫీల్డు వచ్చినప్పుడు ప్రక్కవాడు మోకాలు తట్టి లేపును.